కాళ్ళ దగ్గర వాసన

మా ఇంట్లో నాన్న ముక్కుకి ఉన్న గౌరవం అమ్మ మొత్తం మనిషికి లేదు.

నాన్న భిలాయి స్టీల్ ప్లాంటులో గ్యాస్ లైన్ల మీద పని చేసేవాడు. బొగ్గుని కోక్‌గా కాల్చేటప్పుడు వచ్చే గ్యాసు, మనిషి దూరేంత లావు గొట్టాల్లో ప్లాంటంతా తిరుగుతుంది. అది ఎక్కడ కారుతోందో మీటరు ముల్లు కదిలేలోపే తన ముక్కు చెప్పేస్తుందని ఆయన గొప్ప. ఉత్త గొప్పేం కాదు, ఒకప్పుడు నిజంగానే చెప్పేదట. తోటివాళ్ళు ఆయన్ని ఉస్తాద్ అని పిలిచేవారు. కొత్తగా పెళ్ళయిన రోజుల్లో సెక్టర్ ఆరులో మా క్వార్టరు ముందు సైకిల్ దిగుతూనే గాలి పీల్చి, పక్క వాటాలో ఏం వండుతున్నారో చెప్పేవాడని అమ్మ అనేది. నేను పెద్ద క్లాసులకొచ్చేసరికి ఆ ముచ్చట ఆగిపోయింది. ఎందుకు ఆగిపోయిందని నేను ఎప్పుడూ అడగలేదు.

అమ్మది ఆ ఊళ్ళోనే సుపేలా బజారులో టిఫిన్ల కొట్టు. కొట్టంటే గోడలున్నది కాదు. మెయిన్ రోడ్డు నుంచి ఒక సందు లోపలికి వెళ్తే ఖాళీ స్థలం, ఇనుప గొట్టాల మీద రేకుల కప్పు, నాలుగు బల్లలు. సాయంత్రం మిరపకాయ బజ్జీలు, పునుగులు, అట్లు. శ్రీకాకుళం, విజయనగరం నుంచి వచ్చి ప్లాంటులో చేరినవాళ్ళకి ఆ నూనె వాసన సొంతూరిది. హిందీవాళ్ళు కూడా వచ్చేవారు, అమ్మని భాభీ అనేవారు. నేను అప్పటికి డిగ్రీ పూర్తి చేసి ఒక చిన్న బడిలో లెక్కలు చెబుతున్నాను. సాయంత్రాలు కొట్లో చట్నీ వెయ్యడం నా పని. నాకు హిందీ వచ్చినంత బాగా తెలుగు వచ్చేది కాదు. ఉన్న తెలుగు అమ్మ దగ్గర నేర్చుకున్నాను. ఎగతాళి మాత్రం నాన్న దగ్గర.

నాన్న తిట్టేవాడు కాదు. తిట్టేవాళ్ళు ఎంతో కొంత నయం, తిట్టి ఊరుకుంటారు. ఈయన నలుగురు చేరేదాకా ఆగేవాడు. అమ్మ ఏదో ఒకటి అనగానే బల్ల దగ్గరున్న వాళ్ళ వైపు తిరిగి, ఇన్నారా, ఇంజినీరమ్మ చెబుతోంది, అనేవాడు. అందరూ నవ్వేవారు. అమ్మ కూడా నవ్వేది, అదే నాకు ఒళ్ళు మండేది. అమ్మ చదువుకోలేదు, నాన్నకి ఆ మాట అరిగిపోయేదాకా పనికొచ్చింది.

చలికాలంలో కొట్టు పడుకునేది. భిలాయి చలి తెలియనివాళ్ళు ఛత్తీస్‌గఢ్ అంటే ఎండలే అనుకుంటారు. డిసెంబరు వచ్చిందంటే చీకటి పడకుండానే మఫ్లర్లు, మంకీ టోపీలు బయటికొస్తాయి. మూడు వైపులా గోడల్లేని మా రేకుల కింద ఎవరు కూర్చుంటారు? పొట్లం కట్టించుకుని సైకిళ్ళెక్కేవారు. అమ్మ ఒక సిగిడీ, అంటే బొగ్గుల కుంపటి, పెట్టి చూసింది. దాని పొగకి ఉన్నవాళ్ళు కూడా లేచిపోయారు. ఇంకో చలికాలం ఇలాగే గడిస్తే కొట్టు ఎత్తెయ్యాల్సిందేనని ఆమెకి తెలుసు. ఆ కొట్టు తప్ప అమ్మకి తనదని చెప్పుకోవడానికి ఏమీ లేదు. ఇంట్లో ఉప్పు డబ్బా ఎక్కడుండాలో కూడా నాన్నే చెప్పేవాడు.

అలాంటప్పుడు నాన్న రెండు గ్యాస్ హీటర్లు పట్టుకొచ్చాడు. రాయపూర్‌లో ఆరుబయట బల్లలు వేసి నడిపే హోటలొకటి మూతపడితే సామాను అమ్మేశారట. వాటిని చూసి మేం నోళ్ళు వెళ్ళబెట్టాం. ముందు భాగంలో కాల్చిన మట్టి పలకలు, వాటి నిండా సూదితో పొడిచినట్టు సన్నటి బెజ్జాలు. గ్యాసు, గాలి కలిసి వెనక నుంచి వచ్చి ఆ బెజ్జాల దగ్గర కాలుతుంది. మంట పైకి లేవదు, పలకే నిప్పులా ఎర్రబడుతుంది. అది గాలిని వేడి చెయ్యదు, ఎదురుగా ఉన్న మనిషిని వేడి చేస్తుంది. అందుకే ఆరుబయట కూడా పనికొస్తుంది. మా కొట్టుకొచ్చేవాళ్ళు దానికి వెంటనే గ్యాస్ సిగిడీ అని పేరు పెట్టేశారు.

ఆయన పని చేస్తుంటే చూడాల్సిందే, ఆ మాట ఒప్పుకోవాలి. హీటర్లు రెండూ విప్పి, గాలి పీల్చే బెజ్జాల్లో సాలీళ్ళు కట్టిన గూళ్ళు తీశాడు. అవి అడ్డం పడితే గాలి చాలక మంట పసుపుపచ్చగా మారి మసి కక్కుతుందని నాకు చూపించాడు. పలకల్ని ఇనుప బ్రష్షుతో రుద్దితే పగిలిపోతాయని, మెత్తటి కుంచెతో దులిపాడు. రేకులకి కాస్త కింద, ఎంత పొడుగు మనిషి నిలబడ్డా తల తగలనంత ఎత్తులో, మొహాలు కొంచెం కిందికి వంచి ఇనుప గొట్టానికి బిగించాడు. మొదటిరోజు ప్రతి అతుకుకీ సబ్బు నురగ పూసి, బుడగలు రావడం లేదని నాలుగుసార్లు చూశాడు. ఎర్రటి వెలుగు బల్లల మీద పడ్డప్పుడు అమ్మ మొహంలో నేనెప్పుడూ చూడని సంతోషం కనిపించింది. ఆ సాయంత్రం జనం కూర్చుని తిన్నారు. రెండోసారి అట్లు అడిగారు.

అంతవరకూ బాగానే ఉంది. ఇక సిలిండర్లు.

సిలిండర్లు ఎవరూ ఎత్తుకుపోకుండా నాన్న ఒక మూల ఇటుకలతో చిన్న గది కట్టాడు. నడుము ఎత్తున ఉంటుంది, చెక్క తలుపు. ఎలకలు రాకుండా, వాన నీళ్ళు చేరకుండా దాని అడుగంతా సిమెంటుతో మూసేశాడు. పైన మాత్రం ఒక గొట్టం పెట్టి రేకుల పైదాకా లేపాడు. ఎప్పుడైనా గ్యాసు కారితే పైకి పోవాలి కదా అని. ప్లాంటులో అంతే. కోక్ బట్టీల గ్యాసు గాలికన్నా తేలిక, సందు దొరికితే పైకి లేస్తుంది. జీవితమంతా ఆయన పైకి చూస్తూనే బతికాడు. గొట్టానికి ప్లాంటు గొట్టాల్లాగే పసుపు రంగు వేసి, చూడండి అసలైన పని, అని వచ్చినవాళ్ళకి చూపించాడు. సిలిండర్లో ఉండేది ఇంకో గ్యాసు. అది గాలికన్నా బరువు. కారితే నీళ్ళలా నేల మీద పారి, పల్లంలో నిలబడుతుంది. వంటింట్లో సిలిండరు పెట్టుకున్న వాళ్ళెవరైనా ఇది వినే ఉంటారు. ఆయనా వినే ఉంటాడు. కానీ వంటింటి గ్యాసు గురించి ఉస్తాద్‌కి ఎవరో చెప్పడమేమిటి?

ఇంకొకటి. ప్లాంటులో గ్యాస్ లైన్లని ఎప్పుడూ నిండుగా ఉంచుతారు. ఖాళీగా వదిలితే గాలి దూరి ప్రమాదం. ఆ అలవాటుకొద్దీ నాన్న సిలిండరు వాల్వు మూయనిచ్చేవాడు కాదు. కొట్టు కట్టేసి ఇంటికెళ్ళేటప్పుడు కూడా హీటర్ల దగ్గరున్న కుళాయిలు మాత్రమే ఆపేవాడు. అమ్మ చాటుగా వాల్వు తిప్పేసేది. ఒకరోజు అది కనిపెట్టి, మర్నాడు బల్లలన్నీ నిండాక ఆమెని పిలిచి, వాల్వు ఎటు తిప్పితే తెరుచుకుంటుందో చెప్పమన్నాడు. తడబడి తప్పు చెప్పింది. ఆ నవ్వులు నాకింకా గుర్తున్నాయి. ఆ తర్వాత ఆమె దాన్ని ముట్టుకోలేదు.

చలి ముదిరాక, గాలి కొడుతోందని రెండు వైపులా టార్పాలిన్లు దించాడు. నేలదాకా దించి, ఎగరకుండా అంచుల మీద ఇటుకలు పెట్టాడు. మూడో వైపు ఎలాగూ పక్కవాళ్ళ గోడ. రోడ్డు వైపు ఒక్కటే తెరిచి ఉండేది, అక్కడ కూడా వాన నీళ్ళకి అడ్డంగా అడుగెత్తు గట్టు. అంటే కొట్టు మొత్తం ఒక తొట్టిలా తయారైంది.

అమ్మ నేల మీద కూర్చుని పని చేసేది. చిన్న పీట, ముందు రుబ్బురోలు, పక్కన గ్యాస్ పొయ్యి. మా వైపు ఆడవాళ్ళు అలాగే చేస్తారు, నిలబడి వండడం ఆమెకి చేతకాలేదు. నాన్నేమో కొట్లో కూర్చోగా నేను చూడలేదు. చేతులు వెనక్కి కట్టుకుని, సేఫ్టీ బూట్లతో పహరా తిరిగేవాడు. ఒకే కొట్లో ఆమె ముక్కు ఒక ఎత్తులో, ఈయన ముక్కు ఇంకో ఎత్తులో.

ఒక సాయంత్రం పిండి రుబ్బుతూ అమ్మ చెయ్యి ఆపింది.

"ఇదిగో, ఇన్నారా, గేసు వాసనొస్తంది. నా కాళ్ళకాడ," అంది.

నాన్న ఆ మాట కోసమే ఎదురుచూస్తున్నట్టు బల్లల వైపు తిరిగాడు. తల పైకెత్తి, కళ్ళు మూసుకుని, రేకుల దాకా గాలి పీల్చాడు. ఆ నటన చూసి ఒకరిద్దరు అప్పుడే నవ్వడం మొదలుపెట్టారు.

"గేసు కాళ్ళకాడికి వొస్తదేటి? కాళ్ళు పట్టుకోడానికి అదేటైనా నీ కోడలా? నీ కాళ్ళే కడుక్కో," అన్నాడు.

కొట్టంతా ఘొల్లుమంది. ఆమె మళ్ళీ రుబ్బడం మొదలుపెట్టింది. నేను చట్నీ గిన్నె పెట్టేసి అమ్మ పక్కన కూర్చున్నాను. నిజంగానే వచ్చింది, కుళ్ళిన గుడ్డు లాంటి వాసన, పల్చగా. లేచి నిలబడితే లేదు, బజ్జీల వాసనే. నాన్నకి చెప్పాను. ఈ తల్లికి ఆ పిల్లే కదా పుడుతుంది, అని నవ్వాడు. సబ్బు నురగ పెట్టి ఇంకోసారి చూడమని బతిమాలాను. ఒకసారి నేను చూశానంటే చూసినట్టే అన్నాడు.

ఆ ఇటుక గదిలో రబ్బరు ట్యూబు గోడ కంతలోంచి బయటికొచ్చే చోట సిమెంటు అంచుకి ఒరుసుకుంటోంది. పాత ట్యూబు, హీటర్లతో పాటు వచ్చిందే, అప్పటికే గట్టిపడి ఉంది. అది చీలింది. గ్యాసు పైనున్న గొట్టం వైపు చూడనైనా చూడకుండా తలుపు కింది సందులోంచి నేల మీదికి పాకుతోంది. ఆ రాత్రి కూడా వాల్వు తెరిచే ఉంది. ఇదంతా తర్వాత తెలిసింది. అమ్మకి ఇంత వివరం అక్కర్లేదు, వాసన వస్తోందని తెలుసు, అంతే.

మర్నాడు నేను బడి నుంచి తిన్నగా కొట్టుకి వెళ్ళాను. ఇంకా ఎవరూ రాలేదు. పొయ్యి వెలిగించలేదు. అమ్మ అప్పుడే వచ్చి పీట మీద కూర్చుని ఉల్లిపాయలు తరుగుతోంది. నాన్న హీటర్లు వెలిగించడానికి స్టూలెక్కాడు.

"ఎలిగించకండి. నిన్నటికన్నా ఎక్కువుంది," అంది అమ్మ.

నాన్న జవాబు చెప్పలేదు. చూసేవాళ్ళెవరూ లేరు కదా, జవాబు వృథా. అగ్గిపుల్ల గీసి మొదటి హీటరు వెలిగించాడు. అది మామూలుగానే అంటుకుంది. పైన గ్యాసేమీ లేదు మరి. ఆ పుల్లని రెండుసార్లు ఊపి, ఎప్పటిలాగే కిందికి వదిలేశాడు.

నీలం రంగు నేలంతా ఒక్కసారి పాకింది. చప్పుడు పెద్దగా లేదు, దుప్పటి దులిపినట్టు ఒక్క బుస్సుమన్న శబ్దం. ఎత్తు మోకాలికి మించలేదు. రోడ్డు వైపు గట్టు బయట నిలబడ్డ నాకు ఏమీ కాలేదు. స్టూలు మీదున్న నాన్నకి బూట్ల అడుగు కమిలింది. అమ్మ దాని మధ్యలో కూర్చుని ఉంది, నైలాన్ చీరతో.

నాన్న దూకి ముందు ఇటుక గది తలుపు లాగి వాల్వు మూశాడు. రూలు ప్రకారం అదే సరైన పని, అది చెయ్యకపోతే ముగ్గురం పోయేవాళ్ళం. ఆ తర్వాత కూడా ఆయన అక్కడే, వాల్వు మీద చెయ్యి వేసుకుని నిలబడి ఉన్నాడు. అమ్మ మీద తడి గోనెసంచి కప్పింది నేను. కాళ్ళు నడుం దాకా కాలాయి. ముఖానికి, చేతులకి ఏమీ కాలేదు. ఆస్పత్రికి తీసుకెళ్తుంటే ఆటోలో ఆమె అరవలేదు. నా చెవి దగ్గర నోరు పెట్టి, ఉల్లిపాయలు మూత పెట్టావా అని అడిగింది.

ఆస్పత్రి మంచం పక్కనే నాన్న కథ తయారైపోయింది. పొయ్యి కుళాయి ఆమే తెరిచి ఉంచింది. మతిమరుపు. తను కొట్లో అడుగుపెట్టేసరికి వాసనన్నదే లేదు, ఉంటే తనకి తెలియదా? చూడడానికొచ్చిన ప్రతివాళ్ళకీ ఇదే చెప్పాడు. చెప్పగా చెప్పగా దానికి కొత్త కొమ్మలు కూడా వచ్చాయి: ఎన్నోసార్లు హెచ్చరించాడట, ఆడవాళ్ళు వింటారా? అందరూ అమ్మ వైపు జాలిగా, కాస్త విసుగ్గా చూసేవారు. నేను నోరు తెరిస్తే, తల్లిని వెనకేసుకొస్తోంది అనేవారు. కట్లు మార్చేటప్పుడు అమ్మ పళ్ళు కరుచుకునేది తప్ప ఒక్క మాట అనలేదు. కొట్టు సంగతి మాత్రం ఒకసారి అడిగింది. కొట్టు ఇంకెక్కడిది, నీతో నిప్పు దగ్గర పని చేయించుకుంటే ఊరంతా తగలబెడతావు, ఎత్తేస్తున్నాను, అన్నాడు నాన్న.

అమ్మకి కాళ్ళు కాలినందుకు రాని కోపం అక్కడ వచ్చింది.

ఇంటికి తీసుకొచ్చిన తర్వాత ఒక ఆదివారం నాన్న తోటి పనివాళ్ళు పరామర్శకి వచ్చారు. గ్యాస్ సెక్షన్ వాళ్ళు, ఆయన ఫోర్‌మన్ కూడా. బ్రెడ్డు, అరటిపళ్ళు తెచ్చారు. ముందు గదిలో అమ్మ మంచం చుట్టూ కుర్చీలు వేశాం. నాన్న మళ్ళీ మొదలుపెట్టాడు. "ఇన్నేళ్ళు గేసులో బతికినోణ్ణి. వాసనుంటే నా ముక్కుకి తెలదా?" అన్నాడు. ఫోర్‌మన్ తలూపాడు. ఇకముందు జాగ్రత్తగా ఉండు భాభీ, అన్నాడు.

అమ్మ నన్ను దగ్గరికి పిలిచి చెవిలో ఒక పని చెప్పింది. నాకు అర్థం కాలేదు. చెప్పినట్టే వంటింట్లోకి వెళ్ళి దంచిన ఇంగువ రెండు గుడ్డముక్కల్లో మూటలు కట్టాను. రెండిట్లోనూ ఇంగువే. తెచ్చేసరికి ఆ వాసన నా వెనకే గదిలోకి వచ్చేసింది. ఒకతను ముక్కు దగ్గర చెయ్యి ఊపుకున్నాడు.

అమ్మ రెండు మూటలూ నాన్న చేతుల్లో పెట్టింది.

"ఒక దాన్లో ఇంగువ, ఒక దాన్లో ఉప్పు. ఇప్పకుండా ఏది ఏదో సెప్పండి," అంది.

అందరూ నవ్వారు, కాలిన కాళ్ళతో కూడా ఈమెకి సరసమేమిటని. నాన్న నవ్వలేదు. ఇదేం పిచ్చి అన్నాడు. సెప్పు ఉస్తాద్, సెప్పెయ్, అని వాళ్ళు తొందరపెట్టారు. ఆయన ఎడమ చేతి మూట ముక్కుకి ఆనించుకున్నాడు, తర్వాత కుడి చేతిది. మళ్ళీ ఎడమది. వాసన చూడడం లేదు, చుట్టూ ఉన్న మొహాలు చూస్తున్నాడు. అది నేను కనిపెట్టాను. అప్పుడు నాకు అన్నీ ఒక్కసారిగా గుర్తొచ్చాయి. అడుగంటిన పప్పు మారు మాట్లాడకుండా తినడం, ఎండు చేపలు వేయించిన రోజు కూడా కంచంలోకి చూసి గానీ ఏం కూర అని తెలుసుకోలేకపోవడం, పక్కింటి వంట కబుర్లు ఎప్పుడో ఆగిపోవడం.

"ఇది ఇంగువ," అన్నాడు ఎడమ చెయ్యి ఎత్తి. "ఇది ఉప్పు."

ఇప్పండి, అంది అమ్మ. ఫోర్‌మన్ అందుకుని రెండూ విప్పాడు. నవ్వు ఎప్పుడు ఆగిందో తెలియలేదు. ఒక కుర్రాడు మాత్రం సంగతి బోధపడక ఇంకా నవ్వుతున్నాడు, పక్కవాడు మోచేత్తో పొడిచాడు. ఆ ముక్కుని నమ్మి వాళ్ళు లైన్ల కిందికి వెళ్ళేవారు. మీటర్లున్నా సరే, ఉస్తాద్ ఉన్నాడు కదా అని.

"పదేళ్ళై ఉంటాది," అంది అమ్మ, ఎవరినీ చూడకుండా. "పాలు ఇరిగినా తెల్దు. ఆ ముక్కే కదా ఆయనకి అన్నం పెడతందని, నేనెవరికీ సెప్పలేదు."

కప్పిపుచ్చినంత కాలం ఆయన కోసమే కప్పిపుచ్చింది. పొద్దున్నే పాలు తను వాసన చూశాకే ఆయన కాఫీలో పోసేదని ఆ తర్వాత నాకు చెప్పింది. ఇన్నేళ్ళు మోసిన దాన్ని ఒక్క నిమిషంలో అందరి ముందూ కింద పడేసింది. నేను జాలిపడి ఉండాల్సింది. పడలేదు. ఖాళీ అయిన ఆయన చేతులు చూస్తుంటే నాకు కడుపు నిండినట్టయింది.

తర్వాతి వారమే నాన్నని గ్యాస్ పని నుంచి తప్పించి పనిముట్ల గదికి పంపారు. స్పానర్లు ఇవ్వడం, తిరిగి తీసుకోవడం. అది వాళ్ళ తప్పు కాదు, అలా చెయ్యకపోతేనే తప్పు. కానీ ఉస్తాద్ అన్న పిలుపు కొత్త రకంగా మొదలైంది. కుర్రాళ్ళు స్పానర్ చేతికిస్తూ, వాసన చూసి చెప్పు ఉస్తాద్, ఏ సైజుదో, అనేవారట. ఈ మాట వాళ్ళలో ఒకడే మా కొట్టుకొచ్చి, అట్టు తింటూ, నాన్న ముందే చెప్పాడు. నాన్న నేర్పిన విద్యే అది, నలుగురి ముందు చెప్పడం.

అవును, కొట్టు మళ్ళీ తెరిచాం. తరవాతి చలికాలానికి. అమ్మ పట్టుపట్టింది, హీటర్లు కూడా కావాలంది. ఈసారి అన్నీ ఆమె చెప్పినట్టు జరిగాయి. ఇటుక గది పగలగొట్టించింది. సిలిండర్లు రేకుల బయట, ఎత్తుగా ఉన్న చదును నేల మీద, చుట్టూ గాలాడే ఇనుప వల. కొత్త ట్యూబులు, ఎక్కడా అంచుకి ఒరుసుకోకుండా. టార్పాలిన్లు నేలకి జానెడు ఎత్తులో ఆగిపోవాలి. రోడ్డు వైపు గట్టు కొట్టించేసింది, వాన నీళ్ళు వస్తే రానీ అని. కట్టేసేటప్పుడు వాల్వు మూయాలి, తెరిచేటప్పుడు సబ్బు నురగ పూయాలి, రోజూ. మోకాళ్ళ దగ్గర చర్మం ముడుచుకుపోయి పీట మీద కూర్చోలేకపోయేది కనక ఆమెకి కుర్చీ వేశాం. పొయ్యి కూడా ఎత్తు చేశాం. పీట ఒక మూల ఉండిపోయింది.

హీటర్లు వెలిగించే పని మాత్రం నాన్నదే అంది. నేను వెలిగిస్తానన్నా ఒప్పుకోలేదు.

మొదటి సాయంత్రం బల్లలు నిండాయి. జనం చేతులు రుద్దుకుంటూ పైకి చూస్తున్నారు. నాన్న సబ్బు నురగ పని ముగించి స్టూలెక్కాడు. అగ్గిపెట్టె తీశాడు. తీసి, ఆగాడు.

"వాసనేటైనా వొస్తందేటి?" అని అడిగాడు, మెల్లగా.

అమ్మ బజ్జీలు తిప్పుతోంది. నూనెలోంచి తీసి జల్లెడలో వేసింది, మళ్ళీ నాలుగు వదిలింది. నన్ను పిలిచి రెండో బల్లకి చట్నీ వెయ్యమంది. నాన్న స్టూలు మీద అగ్గిపెట్టె పట్టుకుని అలాగే నిలబడ్డాడు. గొంతు పెంచి మళ్ళీ అడిగాడు. అప్పటికి బల్లల దగ్గర మాటలు ఆగిపోయాయి.

"నన్నడుగుతారేటి? దిగి సూసుకోండి," అంది అమ్మ. గరిటెతో మూలనున్న పీట చూపించింది. "అక్కడ కూకుని."

ఆయన దిగాడు. కొట్లో ఎన్నడూ కూర్చోని మనిషి, సేఫ్టీ బూట్లతో ఆ చిన్న పీట మీద కూర్చుని, నేల దాకా వంగి గాలి పీల్చాడు. ఎవరో కిసుక్కున నవ్వారు. ఆయన లేవబోయాడు.

"ఏటి తెలిసింది?" అని అడిగింది అమ్మ.

ఆయన తల ఎత్తలేదు. "నాకు తెల్దు," అన్నాడు.

"అయితే నేను సెప్తాను. వాసన నేదు. ఎలిగించుకోండి."

నేను ఒక్కరోజుతో అయిపోతుందనుకున్నాను. అమ్మ ఆ చలికాలమంతా ప్రతి సాయంత్రం ఆయన్ని ఆ పీట మీద కూర్చోబెట్టి ఆ రెండు మాటలూ అనిపించింది. హీటర్లు ఎర్రబడేసరికి కంచాల్లో బజ్జీలు చల్లారిపోయేవి. అయినా ఎవరూ పొట్లం కట్టించుకుని వెళ్ళిపోయేవారు కాదు. చూడడానికని కాస్త ముందే వచ్చి కూర్చునేవారు.